రంగు వెయ్యకముందు

“రంగు పడితే అన్నీ కప్పడిపోతాయిలే” అన్న మాట మొదట ఎవరన్నారో గాని, వారు జన్మలో ఒక్క బొమ్మకైనా స్వయంగా రంగు వేసి ఉండరని నా గట్టి నమ్మకం. రంగు దేన్నీ కప్పదు. ఉన్నదాన్ని చాటింపు వేస్తుంది. వెంట్రుకంత గీత ఉత్త బొమ్మ మీద కంటికి ఆనదు. దానిమీద నిగనిగలాడే ఎరుపు పూసి చూడండి, వీధి గుమ్మం దగ్గర్నించి కనపడుతుంది. మన ఆడవాళ్ళకి ఇదేం కొత్త సంగతి కాదు. ఊడ్చి కళ్ళాపి చల్లకుండా ముగ్గు ఎవరు వేస్తారు? ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే మనిషి వీధుల్లోకొచ్చే రోజులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తగరం రాయటం అరనిమిషం పని. అంతకుముందు గిన్నెని తోమి, కాల్చి, నవాసాగరం చల్లి, జిడ్డూ చిలుమూ వదలగొట్టటమే అసలు పని. జిడ్డు మిగిలినచోట తగరం పట్టదు. ఎంత బతిమాలినా పట్టదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మేనకోడలు — తమ్ముడి కూతురు — ఇంట్లో రెసిన్‌తో బొమ్మలు పోత పోస్తుంది. ఈమధ్య రెసిన్ పేరు వినని ఇల్లు తక్కువే. పెళ్ళిదండల్లోని పూలని అద్దంలాంటి బిళ్ళలో బిగించి ఇస్తున్నారే, అదీ రెసినే. కాకపోతే అది ఎపాక్సీ రకం, నెమ్మదిగా గట్టిపడుతుంది. మా పిల్ల బొమ్మలకి వాడేది పాలియురేథేన్ రకం. రెండు సీసాలు; రెండింటిలోంచీ కొలిచి కలపటం, కలిపిన కొద్ది నిమిషాల్లో అచ్చులో పోసెయ్యటం. తేనెలా ఉన్నది కాస్తా చూస్తూండగానే వేడెక్కి, తెల్లబడి, గట్టిపడిపోతుంది. తడి తగిలిందా, ఇడ్లీపిండిలా పొంగుతుంది. చేతికి తొడుగులు, ముక్కుకి మాస్కు, కిటికీలు బార్లా — ఈ మూడూ లేకుండా దాని జోలికి పోకూడదని వాళ్ళమ్మ షరతు. మంచి షరతే.

పొయ్యటానికి అచ్చు కావాలి గదా. సిలికాన్ రబ్బరుతో రెండు చెక్కలుగా అచ్చు తీస్తారు, మన పంచదార చిలకల అచ్చులాగానే. ఒక చెక్క పోసి, అది గట్టిపడ్డాక దానిమీద రెండోది పొయ్యాలి. అక్కడుంది చిక్కు. సిలికాన్ మామూలుగా దేన్నీ పట్టుకు వేళ్ళాడదు గాని, సాటి సిలికాన్‌ని మాత్రం విడదియ్యరానంతగా అంటుకుంటుంది. అంచేత మధ్యన పల్చగా వాజలైన్ గాని, అందుకోసమే అమ్మే మందు గాని పుయ్యాలి. తరవాత పోత పోసే ముందు కూడా అచ్చు లోపల ఆ జిడ్డుమందు కాస్త చిమ్ముతారు. బొమ్మ చిరక్కుండా విడివడి రావాలి, అచ్చు కూడా నాలుగు కాలాలు మన్నాలి, అందుకు.

అచ్చులోంచి వచ్చిన బొమ్మని చూస్తే, చెప్పొద్దూ, వెంటనే కుంచె పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకూడదు. అప్పుడే పుట్టిన పసిగుడ్డుకి మంత్రసాని చేసే సేవలన్నీ దానికీ జరగాలి. రెసిన్ పోసిన దారిలో గట్టిపడ్డ మొడెం ఒకటి బొడ్డులా వేలాడుతూంటుంది, దాన్ని సన్న రంపంతో కొయ్యాలి. రెండు చెక్కలూ కలిసినచోట చుట్టూరా సన్నగా గట్టు, అక్కడక్కడ దోసె అంచులా పల్చటి రేకు. గాలి బుడగలు చిక్కుకున్నచోట గుంటలు. వీటి సంగతి చూడబోయేముందు స్నానం. గోరువెచ్చటి నీళ్ళు, అంట్లు తోముకునే సబ్బు నాలుగు చుక్కలు, పళ్ళు తోమి పారేసిన మెత్తటి బ్రష్షు. చీర కుచ్చెళ్ళ సందుల్లోకీ, చెవుల వెనక్కీ పోనిచ్చి తోమాలి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే రెసిన్ మెత్తబడి చెయ్యి వంకరపోతుంది. (పోతలోనే వంకరగా వచ్చిన చేతికి మళ్ళీ ఆ వేడినీళ్ళే మందు. కాసేపు ముంచి, తిన్నగా చేసి, చన్నీళ్ళలో పెడితే అలాగే నిలుస్తుంది.) కడిగాక గాలికి ఆరనివ్వాలి. ఆ తరవాత వట్టి వేళ్ళతో తాకకూడదు. మన వేలి జిడ్డు చాలు, రంగు పెచ్చులుగా లేవటానికి.

ఇందులో నన్ను ఆలోచనలో పడేసింది ఆ జిడ్డుమందే. అది లేకపోతే బొమ్మ సుఖంగా బయటికి రాదు. అది వదలకపోతే రంగు పట్టదు. నిన్న కాపాడినదే ఇవాళ అడ్డం. “మా నాన్న నామీద ఈగ వాలనివ్వలేదు” అని యాభయ్యో ఏట కూడా మురిసిపోతూ, బ్యాంకులో డబ్బు తీసుకునే కాగితం నింపటానికి కొడుకు సెలవు కోసం కాచుక్కూచునే వాళ్ళని నేనెరుగుదును. ఆ తండ్రి చేసింది తప్పా అంటే, ఆ వయసు పిల్లకి ఆ గారాబం కావలసిందే. మా మేనకోడలు కూడా మందు సీసాని తిట్టుకుంటూ బొమ్మని కడగదు. మళ్ళీ పోతకి మళ్ళీ అదే చిమ్ముతుంది. కడుక్కోవటం వేరు, కృతఘ్నత వేరు. ఈ తేడా తెలియకే చాలామంది పిల్లలు పెద్దవాళ్ళతో పోట్లాడి గాని విడివడలేకపోతున్నారు.

అలాగని ఈ పోలికని, కోడలు గడప దాటగానే పుట్టింటి వాసన కడిగెయ్యాలనే అత్తగార్ల చేతికివ్వటం నాకిష్టం లేదు. కడిగేది జిడ్డుని. ముక్కునీ చెవుల్నీ కాదు.

సరే, ముక్కూ చెవులంటే గుర్తొచ్చింది, శెట్టెమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ సంక్రాంతి కొలువులో ఒక శెట్టెమ్మ ఉండేది. మట్టిబొమ్మ, జానెడు పొడుగు. గంపల్లో పప్పులూ ధాన్యాలూ పోసుకుని కొట్టు పెట్టుకున్న శెట్టిగారి పక్కన కూచోవలసింది గాని, శెట్టిగారు మా చిన్నతనంలోనే ఎలకల పాలబడి పడి ముక్కలైపోయారు. అప్పట్నించీ ఆవిడ ఒక్కతే కొట్టు చూసుకునేది. “దివ్యంగా నడుపుతోంది, ఆయనున్నప్పుడే అరువులెక్కువ” అని అమ్మ ఏటా అనేది, మేం ఏటా నవ్వేవాళ్ళం. అమ్మ పోయాక ఇత్తడి సామాను పంచుకోవటంలో గాని, చీరల్లో గాని మా ముగ్గురు అక్కచెల్లెళ్ళకీ మాట తేడా రాలేదు. శెట్టెమ్మ దగ్గర వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ వదల్లేదు. చివరికి మా మేనకోడలే తీర్పు చెప్పింది: “అసలు శెట్టెమ్మ ఉన్నచోటే మా ఇంట్లో ఉంటుంది. మీ ముగ్గురికీ మూడు పోత పోసిస్తాను. రంగులు మాత్రం మీ ఇష్టం.”

శెట్టెమ్మకి ఎడమ భుజం మీద రూపాయి బిళ్ళంత మేర పెచ్చు ఊడింది. అది మా పెద్దక్క ఏడేళ్ళప్పుడు చెయ్యిజార్చిన గుర్తు. వీపున పీటకి కాస్త పైగా ఒక బొటనవేలి ముద్ర ఉంది. చేసిన కుమ్మరి పచ్చిమట్టి మీద నొక్కిన ముద్ర. అమ్మ బతికున్నన్నాళ్ళూ దాన్ని నేను సరిగ్గా చూడనేలేదు, వెనక ఉండటాన. సిలికాన్ దేన్నీ వదిలిపెట్టే రకం కాదు. తెల్లటి రెసిన్ శెట్టెమ్మ వీపు మీద ఆ వేలి రేఖలు ముగ్గుగీతల్లా వచ్చాయి. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో తెలియదు. వేలి గీతలు మాత్రం మూడిళ్ళకి వస్తున్నాయి.

ఇప్పుడు ఉప్పుకాగితం పుచ్చుకుని కూచుంటే, ఏది తియ్యాలి, ఏది ఉంచాలి? అచ్చు కలిసినచోటి గట్టుకి వకాల్తా పుచ్చుకునేవాళ్ళు లేరు, అది పోవలసిందే. బుడగల గుంటల్లో లప్పం పెట్టి పూడ్చవలసిందే. వేలి ముద్ర ఉండనిద్దామని అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా భుజం మీద పెచ్చు దగ్గర.

పూడ్చెయ్యమంది పెద్దక్క. “ఏడేళ్ళ పిల్లని. అరవయ్యేళ్ళ నించీ కొలువు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ‘ఇది పెద్దమ్మాయి పడేసింది’ అంటూనే ఉన్నారు. ఇంక మూడిళ్ళలో చెప్పుకోవాలా?” నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు వెనక అరవయ్యేళ్ళుంది. మా చెల్లెలు ససేమిరా అంది. “పెచ్చు లేకపోతే అది అమ్మ శెట్టెమ్మ ఎలా అవుతుందే? బజార్లో కొన్నట్టుంటుంది.”

ఇద్దరి మాటా న్యాయంగానే తోస్తుంది, అదే బాధ. ఆలోచించి చూడండి: ఈ రెసిన్ బొమ్మ ఎన్నడూ కిందపడలేదు. దాని భుజం మీది మచ్చ దాని దెబ్బ కాదు, అరువు తెచ్చుకున్నది. తగలని దెబ్బకి మచ్చ మొయ్యటం ఒక అబద్ధం. పోనీ పూడ్చేద్దామంటే, శెట్టెమ్మ ఎన్నడూ పడనే లేదని మనవలకి చెప్పటం ఇంకో అబద్ధం. రెండింటిలో ఏది చిన్న అబద్ధం?

మా మేనకోడలికి ఇలాంటి మీమాంసలు లేవు. “నా చేతిమీదుగా వచ్చిన తప్పులు నేను తీస్తానత్తయ్యా. శెట్టెమ్మతో వచ్చినవి నావి కావు, నేను ముట్టుకోను” అంది.

ఎంత చక్కటి మాట! రెండు రోజులు దాన్నే తలుచుకుంటూ ఉన్నాను. మూడో రోజు ఆ మాటలో కంత కనిపించింది. ఎలాగంటే, మొదటి రెండు పోతల్లోనూ శెట్టెమ్మ గెడ్డం కింద ఆవగింజంత బుడిపె వచ్చింది. రెండింటికీ సరిగ్గా ఒకేచోట. ఒకేచోట వచ్చిందంటే అది ఆవిడ పులిపిరే కాబోలు, ముట్టుకోకూడదన్నమాట! అసలు బొమ్మని దీపం దగ్గర పెట్టి చూస్తే గెడ్డం నున్నగా ఉంది. సంగతేమిటంటే, రెసిన్‌లో బుడగ ఉంటే పోతకొకచోట గుంట పడుతుంది. బుడగ అచ్చు రబ్బర్లోనే ఉండిపోతే, ఆ ఖాళీలోకి రెసిన్ దూరి ప్రతి పోతకీ అక్కడే బుడిపె కడుతుంది. పుట్టిన ప్రతి బిడ్డకీ ఉంది గనక అది వంశంలో ఉన్నదే అనుకుంటాం. వంశంలో లేదు. అచ్చులో ఉంది.

అసలు శెట్టెమ్మ ఎదురుగా ఉంది కాబట్టి బతికిపోయాం. ఆవిడ లేకుండా, రేపు మా మనవరాలు నా బొమ్మ మీదనే అచ్చు తీసుకుంటే? అప్పుడా బుడిపె శెట్టెమ్మ పులిపిరై కూచుంటుంది. దానికి కథ కూడా పుడుతుంది. జపానులో 1980ల తొలినాళ్ళ నించీ బొమ్మల మోజున్నవాళ్ళు ఇలాగే ఇళ్ళలో రెసిన్ పోతలు పోసి, విడిభాగాలుగా అమ్ముతూ వచ్చారు. “గరాజ్ కిట్” అంటారు వాటిని. కొనుక్కున్నవాళ్ళే కడిగి, రుద్ది, అతికి, రంగులు వేసుకోవాలి. అలా కొన్న బొమ్మ మీద దొంగచాటుగా అచ్చు తీసి మళ్ళీ పోతపోసి అమ్మేవాళ్ళూ బయల్దేరారు. అలాంటి పోత, అసలు పోత కన్నా రవ్వంత చిన్నదవుతుంది, ఎంచేతంటే రెసిన్ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. కళ్ళూ ముక్కూ మొద్దుబారతాయి. మొదటి పోతలో ఉన్న గట్లూ బుడిపెలూ మాత్రం చెక్కుచెదరకుండా దిగుతాయి. మంచివి మొద్దుబారి, చెడ్డవి మాత్రం నిలవటం — ఎక్కడో చూసినట్టు లేదూ?

తద్దినం రోజు పిల్లిని బుట్టకింద మూసిన కథ మీకందరికీ తెలిసిందే. ఆ పిల్లి ఒక తరంలో నిజంగానే అల్లరి చేసింది. తరవాతి తరాలు తద్దినానికని పిల్లిని వెతుక్కొచ్చాయి. నవ్వుకుంటాం గాని, మా అత్తవారింట్లో కోడళ్ళు అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో తలుపు చాటున కూచుని తినేవారు. ఇరవై మంది తినే రోజుల్లో, అంతమందికి ఒక్కసారి చోటు చాలక మొదలైన ఏర్పాటు. నేను కాపరానికి వెళ్ళేసరికి ఇంట్లో నలుగురం, ఆరు కుర్చీల భోజనాల బల్ల. అయినా మా అత్తగారూ నేనూ తలుపు చాటునే. “ఎందుకండీ?” అనడిగితే, “మా అత్తగారూ అంతే” అంది ఆవిడ. ఆవిడ దుర్మార్గురాలు కాదు. చెయ్యి పట్టి బల్ల దగ్గరికి లాక్కొస్తే నాలుగోనాటికి హాయిగా కూచుంది కూడా. కాని అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆవిడ చల్లారిన అన్నం తింది. ఒక ఇరుకు గది తాలూకు గట్టుని ఎవరూ రుద్దక, తరవాత వాళ్ళు దాన్ని ఇంటి ఆచారమనుకున్నారు.

బొమ్మకైతే అసలుది తెచ్చి పక్కన పెట్టి చూస్తాం. ఆచారాలకి అసలు బొమ్మేదీ? నాకు తోచినంతలో, ‘ఎవరికి గుచ్చుకుంటోంది?’ అని చూడటమే. వేలి ముద్ర ఎవరికీ గుచ్చుకోదు. అంచు రేకు తడిమినవాళ్ళ వేలు కోస్తుంది. ఇది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు; పెద్దక్కకి గుచ్చుకునే పెచ్చే చెల్లెలికి అమ్మ జ్ఞాపకం.

రుద్దటంలో కూడా ఒక మత్తుంది సుమండీ. మా పిల్ల 400 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి, 600కి, 800కి పోతుంది. నీళ్ళు తడుపుతూ రుద్దుతుంది, ఎందుకంటే రెసిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడి మీద ఎంత అరిగిందో కంటికి తెలియదు. అంచేత రెండు నిమిషాలకోసారి ఆపి, కడిగి, తుడిచి, గోటితో తడిమి చూసుకుంటుంది. గట్టు శెట్టెమ్మ చెవి పక్కనించీ, బుగ్గ మీదనించీ, ముక్కుకి వెంట్రుకవాసిలో పోయింది. చేతికి ఊపు వచ్చిందంటే గట్టుతోపాటు ముక్కూ పోతుంది. లప్పంతో కొత్త ముక్కు పెట్టొచ్చు. అది ఎవరి ముక్కో! తాతల నాటివన్నీ ఒక్క ఊపున రుద్ది పారేద్దామనే వాళ్ళని చూసినా, అన్నీ అలాగే ఉంచాలనే వాళ్ళని చూసినా, వీళ్ళెవరూ ముక్కు పక్కన గట్టు రుద్ది ఎరగరు కాబోలు అనిపిస్తుంది.

రుద్దిన పొడి పోయేలా మళ్ళీ స్నానం, మళ్ళీ ఆరబెట్టటం. అప్పుడు ప్రైమరు — బూడిదరంగు పల్చటి పూత. కొండపల్లి వాళ్ళు పొణికి కర్ర బొమ్మకి చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, పైన సుద్ద పూస్తారే, ఆ లాంటిదే. రంగు పట్టి ఉండటానికి ఆధారం అది. కాని దాని అసలు ఉపకారం వేరే ఉంది. తెల్లటి రెసిన్‌లో దాక్కున్నవన్నీ బూడిదరంగు పడగానే బయటపడతాయి. అంతా అయిందనుకున్న బొమ్మ మీద ఆరు గీతలూ, నాలుగు సూదిబెజ్జాలూ కనిపించాయి. మా పిల్ల నిట్టూర్చలేదు, మళ్ళీ లప్పం డబ్బా తెరిచింది.

“కొలువులో పై మెట్టు మీద కూచునే బొమ్మ వీపెవరు చూస్తారే?” అన్నాను ఒకసారి. ఏథెన్సులో రెండువేల నాలుగువందల ఏళ్ళనాటి పార్థినాన్ గుడి ఉంది గదా, దాని కప్పు కింద ముక్కోణంలో, అంత ఎత్తున పెట్టిన విగ్రహాలకి గోడవైపు వీపులు కూడా శ్రద్ధగా చెక్కారు. కిందనించి చూసేవారికి అవి కనపడే దారి లేదు. ఈ ముక్క నేను ఎంతో గొప్పగా చెపితే మా తోడికోడలు మూతి విరిచింది. “చెక్కినాయనకి కూలి ముట్టింది. ఎవరూ చూడని బీరువా వెనక దుమ్ము జన్మంతా తుడిచాను, నాకెవరిచ్చారు?” నా దగ్గర జవాబు లేదు. నిజమే, కనపడని పని గొప్పతనం గురించి ఉపన్యాసాలు ఎక్కువగా ఆ పని చెయ్యనివాళ్ళే ఇస్తారు. మా మేనకోడలు మాత్రం ఇద్దరికీ మధ్యన నిలబడింది. వీపంతా శుభ్రం చేసింది గాని, పీట అడుగుభాగం గరుకుగానే వదిలేసింది. రంగు పడనిచోట అంత సేవ దండగంది.

పెచ్చు పేచీ చివరికి ఎవరి బొమ్మకి వారిదే మాటగా తేలింది. పెద్దక్క శెట్టెమ్మకి భుజం పూడ్చారు, లప్పం రెండు విడతలు పట్టింది. చెల్లెలి శెట్టెమ్మకి ఉంచేశారు. నాది ఇంకా బూడిదరంగులోనే ఉంది. రంగులు వెయ్యబోయేముందు ముగ్గురం ఒకసారి తమ్ముడింట్లో కూచుని అసలు బొమ్మని చూశాం. చీర ఆకుపచ్చ. అమ్మ ఏటా తనే దిద్దుకునేది కాబట్టి అది ఎప్పుడూ ఆకుపచ్చేనని మా ముగ్గురి లెక్క. మేనకోడలు భుజం మీది పెచ్చు అంచుని వెలుతురుకి పట్టి చూపించింది. పైన ఆకుపచ్చ, దాని కింద గీతలా నీలం, దాని కింద సుద్ద తెలుపు, ఆ తరవాత మట్టి. శెట్టెమ్మ ఒకప్పుడు నీలం చీర కట్టింది! రెసిన్ బొమ్మల్లో ఆ పొరలు రాలేదు, వాటి పెచ్చు వట్టి గుంట.

పెద్దక్క కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. “నాది నీలం వెయ్యవే, అమ్మడూ” అంది.